ఫోర్డ్ ఎఫ్-150 పికప్ ట్రక్కులో ఎక్స్‌ఎల్‌టీ ట్రిమ్ (వేరియంట్) సరిపోతుందా, దానికి పైదైన లారియట్ దాకా వెళ్లాలా?
టెక్సాస్‌లో క్యాంపింగ్ ట్రైలర్ లాగడానికే అంటున్నారు కాబట్టి ట్రిమ్ పేరు పక్కనపెట్టి ముందు డ్రైవర్ డోర్ తీసి పక్కన టైర్ల స్టిక్కర్ చూడండి, మనుషులు సామాను కలిపి ఎన్ని పౌండ్లు మించకూడదో అక్కడే ఉంటుంది. సన్‌రూఫ్, పవర్ సీట్లు, పెద్ద చక్రాలు వచ్చేకొద్దీ ట్రక్కు బరువెక్కి ఆ నంబర్ తగ్గుతుంది, అందుకే ఒకే ఇంజన్ అయినా ఖరీదైన ప్లాటినం ట్రిమ్ కంటే ఎక్స్‌ఎల్‌టీయే సాధారణంగా ఎక్కువ మోస్తుంది. 6,000 పౌండ్ల ట్రైలర్ అంటే హిచ్ (ట్రైలర్ తగిలించే చోటు) మీదే 600 నుంచి 900 పౌండ్లు పడుతుంది, పైన ట్రక్కులో నలుగురు కూర్చుంటే వాళ్ల బరువూ ఆ స్టిక్కర్ నంబర్‌లోనే లెక్క. లాగే శక్తి ఇంజన్, యాక్సిల్ రేషియో (ఇరుసులోని గేర్ నిష్పత్తి), టోయింగ్ ప్యాకేజీని (ట్రైలర్ లాగడానికి కంపెనీ అమర్చే అదనపు పరికరాలు) బట్టే గానీ లెదర్ సీట్లతో రాదు కదా. అన్నిటికంటే కింది ట్రిమ్ ఎక్స్‌ఎల్ మరీ బోడిగా ఉంటుంది. నేనైతే ఎక్స్‌ఎల్‌టీకి ఆర్డర్‌లోనే టోయింగ్ ప్యాకేజీ పెట్టిస్తా, ఆ ఎండలకి వెంటిలేటెడ్ సీట్లు కావాల్సిందే అంటే లారియట్.