స్కానర్ ఎవరి పేరు మీద ఉంది?

ఉత్తరం: మేడమ్, నాకు 39 ఏళ్ళు. గుంటూరులో హాస్టళ్ళు ఎక్కువగా ఉన్న వీధిలో కర్రీ పాయింట్ నడుపుతున్నాం. 2020లో కరోనా టైములో మావారి ఉద్యోగం పోయింది. మరుసటి ఏడాది ఈ కొట్టు పెట్టాం. తెల్లవారుజామున నాలుగున్నరకి లేస్తాను. రాత్రి షట్టర్ వేసేసరికి పదవుతుంది. వ్యాపారం బాగానే ఉంది. కానీ ఏడాదిగా ఏ పని మీదా ఉత్సాహం లేదు. అలారం మోగితే ఏడుపొస్తోంది. అమ్మాయి ఇంటర్, అబ్బాయి ఎనిమిదో తరగతి. వాళ్ళ దగ్గర కూర్చోలేకపోతున్నానని గిల్టీగా ఉంటుంది. ఫోన్లో మోటివేషన్ వీడియోలు చూస్తుంటాను, చూసినంతసేపే బాగుంటుంది. చిన్న వ్యాపారులకి మైండ్‌సెట్ మార్చే ఆన్‌లైన్ కోర్సు ఒకటి ఉంది, ఫీజు 12 వేలు. చేరమంటారా? ఇల్లూ వ్యాపారం రెండూ బ్యాలెన్స్ చేసుకోవడం ఎలా?
– ఒక సోదరి, గుంటూరు

జవాబు: చేరకండి. అంత డబ్బు చేతిలో ఉంటే ఉల్లిపాయలు తరగడానికి, గిన్నెలు తోమడానికి ఇంకో మనిషిని పెట్టుకుని, మధ్యాహ్నం రెండింటికి ఫోన్ పక్కన పడేసి ఓ గంట నిద్రపోండి. వీడియోలో ఎవరో సూటు వేసుకుని చెప్పే మాటలకంటే అది మీ ఒంటికి ఎక్కువ పనిచేస్తుంది.

పిల్లల గురించి కూడా అంత కుమిలిపోవాల్సింది ఏమీ లేదు. ఇంటర్ చదివే పిల్ల పక్కన తల్లి కూర్చోకపోతే కొంపలేమీ మునగవు. సాయంత్రం కౌంటర్ వెనక స్టూలు మీద కూర్చుని అబ్బాయి హోంవర్క్ చేసుకుంటాడని మీరే రాశారు. అమ్మ కళ్ళెదుట ఉంది, వేడి వేడి పప్పు, వేపుడు ఉన్నాయి. వాడికేం తక్కువైంది?

మీరు రాసింది ఆరు పేజీలు. పైన వేసింది అందులో పావు వంతు. నేను ఆగిపోయింది నాలుగో పేజీ దగ్గర. మాటల్లో మాటగా అక్కడ ఇలా రాసి, వెంటనే వేరే సంగతిలోకి వెళ్ళిపోయారు: "మా అమ్మకి కంట్లో శుక్లాల ఆపరేషన్. 5 వేలు పంపుదామని మావారితో అంటే 'ఎందుకు, మీ అన్నయ్య లేడా' అన్నారు. నేనింకేం అనలేదు. గల్లాలోంచి అప్పుడో యాభై, ఇప్పుడో వంద తీసి కందిపప్పు డబ్బాలో దాచి, నాలుగు నెలలకి పంపించాను. నా కొట్లో నేనే దొంగతనం చేసినట్టుంది."

అమ్మా, అలారం మోగితే వచ్చే ఏడుపు నిద్ర చాలక వచ్చేది కాదు. ఈ నాలుగు ముక్కల్లోంచి వస్తోంది.

ఇప్పుడు ఒక లెక్క చూద్దాం. కొట్టు బోర్డు మీద 'ప్రొ:' అని ఉన్నచోట ఎవరి పేరు? మీవారిది. కొట్టు అద్దె అగ్రిమెంటు, ఆహార శాఖ రిజిస్ట్రేషన్, బ్యాంకు ఖాతా, అన్నీ ఆయన పేరు మీదే. గోడకి అంటించిన స్కానర్ కూడా. సాయంత్రం ఏడున్నరకి హాస్టల్ పిల్లలు క్యూ కడతారని రాశారు. మీరు ఒక చేత్తో సాంబారు ప్యాకెట్‌కి రబ్బరు బ్యాండు తిప్పుతూ, ఇంకో చేత్తో దొండకాయ వేపుడు తూకం వేస్తుంటారు. పక్కనున్న స్పీకర్ డబ్బా "నలభై రూపాయలు వచ్చాయి, డెబ్భై రూపాయలు వచ్చాయి" అని అరుస్తూనే ఉంటుంది. ఎవరికి వచ్చాయి? రోజుకి వందసార్లు ఆ మాట వినేది మీరు, డబ్బు పడేది ఆయన ఖాతాలో. గల్లాలో పడే నోట్లు కూడా రాత్రి ఆయనే లెక్క పెట్టుకుంటారు. బ్యాంకులో ఎంత ఉందో తెలీదని రాశారు. నాలుగేళ్ళు పైబడింది కొట్టు పెట్టి! మీ దగ్గర గిన్నెలు తోమే మనిషికైనా ఒకటో తారీఖున చేతిలో ఇంత అని పడుతుంది. మీకు అదీ లేదు.

మీవారు చెడ్డమనిషి అని నేననడం లేదు. ఆయన తెల్లారకముందే మార్కెట్‌కి వెళ్ళి కూరగాయలు తెస్తారు, గ్యాస్ బండ మోస్తారు, రాత్రి కౌంటర్లో కూర్చుంటారు. తాగుడు లేదు, తిరుగుడు లేదు. ఇవన్నీ మీరు ఒకటికి రెండుసార్లు రాశారు, నేను ఎక్కడ తప్పుపడతానో అన్నట్టు. కానీ అదే మనిషి మొన్న తన తమ్ముడి బండి డౌన్‌పేమెంటుకి 40 వేలు ఇచ్చారు. ఇచ్చేశాక మీకు చెప్పారు. మీరు 'ఎందుకు, మీ నాన్న లేరా' అన్నారా? అనలేదు. అనాలని తోచను కూడా లేదు మీకు. కూతురు తల్లికి పంపే 5 వేలకి కారణం చెప్పుకోవాలి, అన్న తమ్ముడికిచ్చే 40 వేలకి అక్కర్లేదు. ఈ న్యాయం ఎక్కడిది?

అయితే ఆయన ఈ పెత్తనం లాక్కోలేదు. పువ్వుల్లో పెట్టి మీరే ఇచ్చారు. ఉద్యోగం పోయి మనిషి కుంగిపోయాడు, నలుగురిలో తలెత్తుకోలేకపోతున్నాడు, అంతా ఆయన పేరు మీద ఉంటే కాస్త ధైర్యంగా ఉంటాడు అనుకున్నారు. మొదటి ఆరు నెలలు అది మంచి ఆలోచనే, కాదనను. మనిషి నీళ్ళలో మునిగేటప్పుడు చెయ్యి అందిస్తాం. గట్టెక్కాక కూడా ఆ చెయ్యి వదలకపోతే ఇద్దరూ నడవలేరు. ఇప్పుడు మీ ఆడపడుచు కూతురి పెళ్ళిలో ఎవరో "నువ్వేం చేస్తున్నావమ్మా" అంటే "ఆయన వ్యాపారం చూసుకుంటున్నారు, నేను ఇంట్లోనే" అని చెప్పారట. పొద్దున్న నాలుగున్నర నుంచి పొయ్యి దగ్గర నిలబడే మనిషి చెప్పే మాటా ఇది! అక్కడ ఆయన కూడా పక్కనే ఉండి ఊరుకున్నారని రాశారు. ఆ ఊరుకోవడమే నన్ను బాధపెట్టింది.

భర్త పరువు నిలబెట్టడానికి భార్య తనను తాను చెరిపేసుకోవడం మన ఇళ్ళలో గొప్ప గుణంగా చెలామణి అవుతోంది. నాకు ఆ గుణం మీద గౌరవం లేదు. మీ కష్టాన్ని దాస్తేనే నిలబడే మర్యాద ఆయనకి మాత్రం ఏం సుఖం? అది అబద్ధమని ఆయనకీ తెలుసు. ఆ 'ఎందుకు'లో ఉన్న కరుకుదనం కొంత అందులోంచి వచ్చిందే అని నా అనుమానం.

పాత ధర్మశాస్త్రాలైన స్మృతుల్లో కాత్యాయనుడు భార్య చేతిపనితో సంపాదించిన డబ్బు మీద అధికారం భర్తదే అన్నాడు. ఆ మాటకి 1956లో కాలం చెల్లింది. హిందూ వారసత్వ చట్టం 14వ సెక్షన్ స్త్రీ తన నేర్పుతో, శ్రమతో సంపాదించుకున్నది పూర్తిగా ఆమె సొంతమే అంటోంది. కానీ చట్టం మీ వంటింట్లోకి వచ్చి లెక్క రాయదు కదా. కాగితం మీద ఎక్కడా మీరు లేకపోతే రేపు ఏ బ్యాంకు మేనేజరైనా ఈ గుత్తి వంకాయ ఎవరు వండారని అడగడు, ఖాతా ఎవరిదని అడుగుతాడు. రెండో కొట్టు పెట్టాలని ఉంది, ముద్రా లోను వస్తుందా అని ఐదో పేజీలో అడిగారు. హామీ లేకుండా ఇచ్చే లోనే అది. ఇప్పుడున్న పరిస్థితిలో వస్తే మీవారికి వస్తుంది. మీ పేరు మీద గరిటె కూడా లేదు.

దాచుకోవడం గురించి నాకు ఒక కథ ఉంది. మా అమ్మ 2018లో పోయింది. పెద్దకర్మ అయ్యాక వంటిల్లు సర్దుతుంటే మెంతుల డబ్బా అడుగున గుడ్డలో చుట్టిన నోట్లు దొరికాయి. పద్నాలుగు వెయ్యి నోట్లు. 2016 నవంబరులో ఆ నోట్లు రద్దయ్యాయి, ఆ ఏడాది డిసెంబరు 30 దాకా బ్యాంకులో వేసుకోవచ్చన్నారు. అమ్మకి ఆ సంగతి తెలుసు, రోజూ టీవీ చూసేది. బయటపెడితే నాన్నకి తెలుస్తుందని ఊరుకుంది. ఎన్నేళ్ళ కూరగాయల చిల్లరో అది! ఇంటాయన కంటపడకూడదనే భయంతోనే కాగితమైపోయింది. ఇప్పటికీ ఆ పద్నాలుగూ నా బీరువాలోనే ఉన్నాయి.

కందిపప్పు డబ్బా వద్దంటున్నది అందుకే. మీ అమ్మగారిది నెల్లూరు జిల్లా అన్నారు కదా. తొంభైల మొదట్లో దూబగుంట అనే ఊళ్ళో మొదలుపెట్టి ఆ జిల్లా ఆడవాళ్ళు 1993లో సారా నిషేధం వచ్చేదాకా ఊరుకోలేదు. ఆ తర్వాత 'పొదుపు లక్ష్మి' పేరుతో రోజుకి రూపాయి చొప్పున దాచడం మొదలుపెట్టారు. వాళ్ళు ఆ రూపాయి పప్పు డబ్బాలో వెయ్యలేదు, సంఘం పుస్తకంలో తమ పేరు మీద రాయించుకున్నారు. మీ అమ్మగారిని అడగండి, ఆవిడకి గుర్తుండే ఉంటుంది.

ఇప్పుడు చేయాల్సింది. పెళ్ళైన కొత్తలో డ్వాక్రా సంఘం కోసం తీసిన ఖాతా ఒకటి ఉంది, వాడటం లేదని రాశారు. ఆధార్, పాన్ పట్టుకుని వెళ్ళి దాన్ని మళ్ళీ నడిపించండి. దానికి మీ ఫోన్ నంబరు కలిపించి, మీ పేరు మీద స్కానర్ తీసుకోండి. చిన్న వ్యాపారాలకి ప్రభుత్వం ఇచ్చే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ కూడా మీ పేరు మీద కావాలంటే ప్రభుత్వ వెబ్‌సైట్లో ఉచితం, ఏజెంటు డబ్బులడిగితే ఇవ్వకండి.

కానీ ఇవన్నీ ఆయనకి చెప్పాకే చేయండి. దొంగచాటుగా స్కానర్ మారిస్తే అది పప్పు డబ్బాకి పెద్దన్న అవుతుంది. కస్టమర్ల ముందు వద్దు, అత్తగారి ముందు అసలే వద్దు. కొట్టు మూసే ఆదివారం రాత్రి పిల్లలు పడుకున్నాక కూర్చోండి. మొదట ఆ 5 వేల సంగతి చెప్పండి. తప్పు ఒప్పుకుంటున్నట్టు తలొంచుకుని వద్దు. "అమ్మకి డబ్బు పంపాను. అడిగితే మీరు ఎందుకన్నారు కాబట్టి గల్లాలోంచి తీసి పంపాను. ఇంకెప్పుడూ నా కొట్లో నేను దొంగలా తియ్యను" అనండి. తర్వాత జీతం మాట. మీ వీధిలో వంటమాస్టరుకి నెలకి ఎంతిస్తున్నారో ముందే కనుక్కోండి, అంత మీ ఖాతాలో పడాలి. ఆయన పడే కష్టానికి ఆయనకీ ఒక లెక్క కట్టండి. ఇంటి ఖర్చు, మరిది బండి, మీ అమ్మ కన్ను, అన్నీ ఎవరి జీతంలోంచి వాళ్ళు. మిగిలింది కొట్టుది, ఇద్దరి సంతకంతో.

ఆయన మొదట అనబోయే మాట నాకు తెలుసు: "అంటే నా మీద నమ్మకం లేదా?" దానికి వాదించకండి, కళ్ళనీళ్ళు పెట్టుకోకండి. "ఉంది, అందుకే అడుగుతున్నాను" అని ఊరుకోండి. రెండు మూడు రోజులు ముభావంగా ఉంటారు, మార్కెట్ నుంచి బెండకాయలు ముదురువి తెస్తారు. తేనివ్వండి. వారం దాటినా మాట్లాడకపోతే, లేదా చెయ్యెత్తితే, అది వేరే సంగతి, అప్పుడు వెంటనే నాకు రాయండి. మీరు చెప్పినదాన్ని బట్టి అలాంటి మనిషని నాకు అనిపించలేదు. అత్తగారు "నా కొడుకు కొట్టు, కోడలు సాయం చేస్తుంది" అని వీధిలో చెప్పుకుంటే చెప్పుకోనివ్వండి. ఆవిడతో పోట్లాట పెట్టుకుంటే అసలు మాట పక్కకి పోతుంది.

ఇంకొకటి, మీరు అడగకపోయినా. ఇంటి సిలిండరు కొట్లో వాడుతున్నామని ఒకచోట రాశారు. మానేయండి. 19 కిలోల కమర్షియల్ బండే వాడాలి. పట్టుబడితే పొయ్యి దగ్గరున్న మీతో సహా ఎవరూ తప్పించుకోలేరు, పైగా ఇరుకు కొట్టు.

అమ్మగారి రెండో కంటికి దీపావళి తర్వాత ఆపరేషన్ అన్నారు. ఆ డబ్బు మీ ఖాతాలోంచి, మీవారు ఎదురుగా కూర్చుని ఉండగా పంపండి. పంపాక ఆయన ఏమన్నారో నాకు రాయండి. ఆ కోర్సు సంగతి అప్పుడు మాట్లాడుకుందాం.