అది టపాసు కాదు బిడ్డా

బిడ్డా,

నువ్వు పిస్టల్ కోర్సులో కాల్చి వాట్సాప్‌లో పంపిన టార్గెట్ ఫొటో చూశాను. నాలుగుసార్లు, కళ్ళద్దాలు తుడుచుకుని మరీ చూశాను. మన ఇంట్లో నా తర్వాత పిస్టల్ పట్టింది నువ్వే, గర్వంగానే ఉంది, అబద్ధమెందుకు. కానీ ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మీ అత్తమ్మ లేచి బీపీ గోళీ వేసుకున్నావా అని అడిగింది.

ముందు ఫొటో సంగతి. గుండ్లన్నీ కింద ఎడమ పక్కకు పడ్డాయి. నీది కుడిచేతివాటం కదా, అంటే ట్రిగ్గర్ మెల్లగా నొక్కకుండా గుంజుతున్నావు, పేలుతుందన్న భయంతో ముందే చెయ్యి బిగిస్తున్నావు. కొత్తలో అందరికీ ఉండే జబ్బే, నాకూ ఉండేది. గుండు లేకుండా ఖాళీ పిస్టల్‌తో ప్రాక్టీస్ చేస్తేనే పోతుంది.

పిస్టల్ కొనాలా, ఎల్‌టీసీ క్లాసుకు, అదే పిస్టల్ వెంట పెట్టుకునే లైసెన్స్ క్లాసుకు, వెళ్ళాలా అని అడిగావు. మీ టెక్సస్‌లో 2021 సెప్టెంబర్ 1 నుంచి 21 ఏళ్ళు నిండినవాళ్ళు లైసెన్స్ లేకుండానే పిస్టల్ పెట్టుకుని తిరగొచ్చట, అల్లుడు చెప్పాడు. ఆ మాట విని ఆగిపోకు, క్లాసుకు వెళ్ళు. 4 నుంచి 6 గంటలు కూర్చోబెట్టి ఎప్పుడు కాల్చొచ్చో, ఎప్పుడు కాల్చకూడదో చట్టం చెబుతారు, అది నీకు గురి కన్నా ముఖ్యం. తర్వాత 3, 7, 15 గజాల నుంచి 50 రౌండ్లు, అంటే 50 గుండ్లు, కాల్పిస్తారు. అందులో పాసయ్యానని మాత్రం మురిసిపోకు. కాగితం కదలదు, అరవదు.

కొనడం ఇప్పుడే వద్దు. కాల్పులు ప్రాక్టీస్ చేసే రేంజ్‌లో అద్దెకు ఇస్తారు కదా, ఆరు నెలలు నెలకు రెండుసార్లు వెళ్ళి నాలుగైదు రకాలు పట్టి చూడు, నీ చేతికి ఏది ఒదుగుతుందో అప్పుడు తెలుస్తుంది. చెవులకు ప్లగ్గులు, వాటి మీద మఫ్‌లు, రెండూ పెట్టుకో. నా కుడి చెవి సంగతి తెలుసు కదా, టీవీ ఎంత సౌండ్ పెడతానో. ఇంటికి రాగానే చేతులు సబ్బుతో కడుక్కుని బట్టలు మార్చుకునే దాకా బాబును ఎత్తుకోకు, సీసం పొడి అంటుకుని ఉంటుంది.

ఇప్పుడు నీకు ఇన్నాళ్ళూ చెప్పని సంగతి.

1997లో నేను ఒక ఎమ్మెల్యే దగ్గర గన్‌మన్‌గా ఉన్నాను. కరీంనగర్‌లో అప్పటి పరిస్థితులు నీకు తెలియవు, అన్నల, అదే నక్సలైట్ల, భయంతో ఊళ్ళోకి బండి వెళ్తే కింద మందుపాతర ఉందేమోనని కల్వర్టు కల్వర్టుకూ ఊపిరి బిగబట్టేవాళ్ళం. ఆ రోజు పొద్దున 5 గంటలకు వెళ్ళి రాత్రి పదింటికి వచ్చాను. సద్దుల బతుకమ్మ. మీ అమ్మ, అత్తమ్మ ఆటకు వెళ్ళారు, నువ్వు మా క్వార్టర్స్‌లో మంచం మీద పడుకున్నావు. నాలుగేళ్ళ పిల్లవి.

పిస్టల్ ఖాళీ చేయాలంటే ముందు గుండ్లుండే మ్యాగజైన్ తీయాలి, తర్వాత పైనుండే స్లైడ్ వెనక్కి లాగాలి, గుండు పేలే చోటు, అదే చాంబర్‌లో, కంటితో చూడాలి, వేలు పెట్టి తడమాలి. వెయ్యిసార్లు చేసిన పని. ఆ రాత్రి ముందు స్లైడ్ లాగాను. అప్పుడు మ్యాగజైన్ ఇంకా లోపలే ఉంది, దానిలోంచి ఒక రౌండ్ చాంబర్‌లోకి ఎక్కింది. తర్వాత మ్యాగజైన్ తీసి, హమ్మయ్య ఖాళీ అనుకున్నాను. చూడలేదు. నా పిస్టల్‌లో మ్యాగజైన్ లేకపోతే ట్రిగ్గర్ పనిచేయదు, అందుకని ఖాళీ మ్యాగజైన్ పెట్టి, వెనక లేచి ఉన్న హ్యామర్ దించడానికి ట్రిగ్గర్ నొక్కాను.

గదంతా పొగ వాసన, చెవుల్లో గుయ్యిమని మోత. నువ్వు లేచి ఏడుస్తున్నావు, నోరు తెరిచి ఉంది కానీ నీ ఏడుపు నాకు వినబడలేదు. ఒళ్ళంతా తడిమాను, మంచం దుప్పటి లాగి చూశాను. గుండు నీ తల వైపున్న బియ్యం డ్రమ్ములోకి పోయింది. మంచానికీ డ్రమ్ముకూ మధ్య మూరెడు దూరం ఉంటుందేమో, నేను కొలవలేదు, కొలవాలని కూడా అనిపించలేదు. నీకు టపాసు పేలిందని చెప్పాం. మీ అమ్మ ఆరు నెలలు నాతో మాట్లాడలేదు. ఇచ్చిన రౌండ్లకు లెక్క అప్పజెప్పాలి కదా, ఎంక్వైరీ అయింది, ఇంక్రిమెంట్ పోయింది. పేపర్లలో ఇలాంటివాటిని ‘మిస్‌ఫైర్’ అని రాస్తారు. నొక్కినా పేలకపోతే మిస్‌ఫైర్ అవుతుంది. నాది నొక్కితే పేలింది. తుపాకీ తన పని తాను చేసింది.

అందుకే నీకు ఇంత చెబుతున్నాను. ఇప్పటి పిస్టళ్ళు చాలావరకు మ్యాగజైన్ తీసేసినా పేలతాయి. గ్లాక్ లాంటివైతే తుడవడానికి విప్పాలన్నా ముందు ట్రిగ్గర్ నొక్కాల్సిందే. అలసిపోయిన రోజు దాన్ని ముట్టుకోకు. ప్రాక్టీస్ చేసేటప్పుడు గుండ్లు వేరే గదిలో ఉండాలి, ఫోన్ కూడా అక్కడే వదిలెయ్. ఆ ఫోన్ లేకుండా అయిదు నిమిషాలు ఉండలేవు, నాకు తెలుసు, అయినా చెబుతున్నాను.

కొనే రోజు వస్తే పిస్టల్ కంటే ముందు సేఫ్ కొను. బాబుకు ఆరేళ్ళు, అటక మీద ఉన్న సున్నుండలు తీసుకున్నవాడు. టెక్సస్‌లో 17 ఏళ్ళలోపు పిల్లల చేతికి మన అజాగ్రత్త వల్ల లోడ్ చేసిన తుపాకీ చిక్కితే నేరమే. ఇంకొకటి, నీకంటే సిటిజన్‌షిప్ ఉంది, మీ మరిది ఎఫ్-1 మీద, అదే చదువుకునేవాళ్ళ వీసా మీద, ఉన్నాడు. హంటింగ్ లైసెన్స్ లాంటి కొన్ని మినహాయింపులు తప్పితే ఆ వీసా వాళ్ళు తుపాకీ దగ్గర పెట్టుకోవడం ఫెడరల్ నేరం. సరదాకి కూడా వాడి చేతికివ్వకు, సేఫ్ కోడ్ చెప్పకు. వాడు చిన్నబుచ్చుకుంటే నా పేరు చెప్పు.

మన వాళ్ళ ఇళ్ళలో బంగారం ఉంటుందని దొంగలు పడుతున్నారనే కదా నీ భయం. ఆ బంగారం బ్యాంకు లాకర్‌లో పెట్టు ముందు. అది పెట్టాక కూడా పిస్టల్ కావాలనిపిస్తే అప్పుడు మాట్లాడుకుందాం.

వచ్చేసారి రేంజ్‌కు వెళ్ళినప్పుడు అన్‌లోడ్ చేస్తూ వీడియో తీయించి పంపు, నీ చేతులు కనబడాలి. నువ్వు కోర్సు చేసిన సంగతి మీ అమ్మకు నేను చెప్పలేదు. నువ్వే చెప్పుకో, నాకు ధైర్యం లేదు.

మీ మామయ్య