బెల్టుకు కత్తి ఉంటే కేసవుతుందా?

ప్రశ్న: మాది ప్రొద్దుటూరు. డ్రిప్ సర్వీసింగ్ చేస్తాను. పులివెందుల, వేంపల్లె వైపు అరటి, చీనీ తోటల్లో పొద్దస్తమానం పైపులు కోసి జాయింట్లు వేయడమే పని. మట్టి పట్టిన పైపులు కోస్తే మామూలు కత్తి రెండు రోజులకే మొద్దుబారుతుంది. అందుకని ఖరీదైనా రెండు మంచి కత్తులు కొన్నాను, బిల్లులున్నాయి. ఒకటి జేబులో పట్టే మడత కత్తి, స్పైడెర్కో పారా మిలిటరీ 2. ఇంకోటి ఒరలో పెట్టి బెల్టుకు తగిలించుకునే ఫాల్‌నివెన్ ఎఫ్1. పోయిన నెల రాత్రిపూట బైక్ మీద ఇంటికొస్తుంటే తనిఖీలో ఎస్సై గారు బెల్టు కత్తి చూసి తీసుకున్నారు. ఎందుకని అడిగితే, ‘పనికి సార్, రాత్రిళ్లు ఒంటరిగా తిరుగుతుంటా కదా, సేఫ్టీకి కూడా’ అన్నాను. పేరు, ఫోన్ నంబరు రాసుకుని పంపించేశారు, కాగితమేమీ ఇవ్వలేదు. మళ్లీ వెళ్లి అడిగితే బైండోవర్ (గొడవలు చేయనని పూచీకత్తు రాయించుకోవడం) చేస్తామంటున్నారు. ఆరు అంగుళాల లోపు కత్తికి లైసెన్సు అక్కర్లేదని వీడియోల్లో విని కొన్నాను. ఇంట్లో అందరికీ టెన్షన్‌గా ఉంది. నాది నేరమా? కత్తి తిరిగొస్తుందా? విమానంలో తీసుకెళ్లొచ్చా?

జవాబు: మీరు చెప్పినదాన్ని బట్టి నేరం కాదు. అయితే ఎస్సై గారికి మీరిచ్చిన జవాబులో మొదటి మాట దగ్గర ఆగి ఉంటే బాగుండేది. ‘సేఫ్టీకి కూడా’ అన్న మాటే మిమ్మల్ని ఇరుకున పెట్టింది.

ఆయుధాల చట్టం, 1959లో సెక్షన్ 2(1)(సి) చూడండి. దాడికి గానీ, రక్షణకు గానీ ఆయుధంగా పనికొచ్చేలా తయారుచేసిన లేదా మార్చిన వస్తువు ఆయుధం. పదునైన మారణాయుధాలూ అందులోకే వస్తాయి. కేవలం ఇంటి పనికో వ్యవసాయానికో తయారైనవి మాత్రం రావు. రక్షణ కోసమని చెబితే పోలీసులు సరేలే అంటారని చాలామంది అనుకుంటారు. కానీ చట్టం ఆ రక్షణను కూడా ఆయుధం నిర్వచనంలోనే పెట్టింది. మీరు నోటితో అన్నంత మాత్రాన పనిముట్టు ఆయుధమైపోదు, దాని తయారీ ఎందుకో కోర్టు చూస్తుంది. పోలీసుల ముందు చేసిన నేరాంగీకారం భారతీయ సాక్ష్య అధినియం సెక్షన్ 23 ప్రకారం మీ మీద రుజువుగా పనికిరాదు కూడా. కానీ కేసు పెట్టాలా వద్దా అన్నది తేలేది రోడ్డు మీద, అప్పటికప్పుడు. పైగా ఫ్యాక్షన్ గొడవలు చూసిన జిల్లా మనది. నడుముకు కత్తి కనిపిస్తే ఇక్కడి పోలీసులకు ముందు గుర్తొచ్చేది డ్రిప్ పైపు కాదు.

అబద్ధం చెప్పమని నేననడం లేదు. నిజంగానే రక్షణ కోసమైతే కత్తి పెట్టుకోకండి. రాత్రి ఎవడో అడ్డగిస్తే మీరు కత్తి తీశారనుకుందాం. వాడికి గాయమైతే భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 118 కింద మీరే ముద్దాయి అవుతారు. మామూలు గాయానికి మూడేళ్ల వరకూ జైలు, తీవ్ర గాయమైతే యావజ్జీవం దాకా పోవచ్చు. ఆత్మరక్షణ హక్కు ఉంది నిజమే, కానీ దాన్ని నిరూపించుకోవడానికి ఏళ్లపాటు కోర్టు చుట్టూ తిరగాల్సింది మీరే.

ఇక కొలతల సంగతి. ఆరు అంగుళాల లెక్క ఆ వీడియోల వాళ్లకు ఎక్కడ దొరికిందో గానీ, చట్టంలోనూ లేదు, రూల్సులోనూ లేదు. ఆయుధాల రూల్స్, 2016 మొదటి షెడ్యూలులో ఐదో కేటగిరీ ఉంది. కత్తులు, బాకులు, బల్లేలు ఇందులోకి వస్తాయి. అక్కడున్న కొలత బ్లేడు 9 అంగుళాలకు మించిన పొడవు లేదా 2 అంగుళాలకు మించిన వెడల్పు. అంతకన్నా పెద్దదైనా ఇంటి, వ్యవసాయ, శాస్త్ర, పారిశ్రామిక అవసరాలకు తయారైతే మినహాయింపు ఉంది. మీ ఎఫ్1 బ్లేడు 9.7 సెంటీమీటర్లు, అంటే నాలుగు అంగుళాలు కూడా లేదు. మడత కత్తిది అంతకన్నా చిన్నది. ఢిల్లీలో మాత్రం 1980 నాటి నోటిఫికేషన్ ఒకటి ఉంది. బటన్ నొక్కితేనో స్ప్రింగుతోనో తెరుచుకునే కత్తులకు 7.62 సెంటీమీటర్ల పొడవు, 1.72 సెంటీమీటర్ల వెడల్పు, ఆపైన ఉంటే అమ్మకానికో పరీక్షకో దగ్గర పెట్టుకోకూడదని అందులో రాశారు. అది ఢిల్లీకే, కడపకు వర్తించదు. అక్కడ కూడా, అమ్మకానికో పరీక్షకో దగ్గర పెట్టుకున్నాడని చార్జిషీటులో లేనందుకు అలాంటి ఒక కేసును సుప్రీంకోర్టు 2025లో కొట్టేసింది.

ఇంకో మెలిక చెప్పాలి, వకీళ్లు కూడా కొందరు దీన్ని వదిలేస్తారు. తుపాకులు కాని ఆయుధాలకు లైసెన్సు కావాలంటే ముందు కేంద్ర ప్రభుత్వం ఆయుధాల చట్టం సెక్షన్ 4 కింద ఆ ప్రాంతాన్ని, ఆ రకం ఆయుధాన్ని గెజిట్‌లో నోటిఫై చేసి ఉండాలి. సెక్షన్ 25(1బి)(బి) కింద శిక్ష ఉన్నది దాన్ని ఉల్లంఘించినందుకే. రేపు మీ మీద ఎఫ్ఐఆర్ అంటూ అయితే మీ వకీలు మొదట అడగాల్సింది, ఏ నోటిఫికేషన్ ఉల్లంఘించారని కేసు అని.

కొలత చిన్నదైతే చాలు, ఏ కత్తైనా ఫర్వాలేదనుకోవద్దు. రెండు వైపులా పదునుండి మొన తేలిన బాకును ఏ పైపు కోయడానికి వాడతామని చెప్పగలం? అమెరికా మెరైన్ల కోసం రెండో ప్రపంచ యుద్ధకాలంలో వచ్చిన కా-బార్ కత్తి బ్లేడు ఏడు అంగుళాలే. అయినా దాన్ని పనిముట్టని వాదించడం కష్టం. మీ ఎఫ్1 స్వీడన్ వైమానిక దళ పైలట్ల సర్వైవల్ కత్తి, ఆపదలో చిక్కుకున్నవాడు బతికి బయటపడటానికి వాడే పనిముట్టు. అది మీకు అనుకూలం. పారా మిలిటరీ పేరుతోనే కాస్త ఇబ్బంది. పేరును బట్టి ఆయుధమైపోదు గానీ, పెట్టె మీద ఆ పేరు చదివిన కానిస్టేబుల్ ఏమనుకుంటాడో ఊహించుకోండి. పెట్టె ఇంట్లో ఉంచి, బిల్లు వెంట పెట్టుకోండి.

మీ కత్తి విషయానికొస్తే, కాగితం ఇవ్వకుండా తీసుకోవడం పద్ధతి కాదు. బీఎన్‌ఎస్‌ఎస్ (పాత సీఆర్పీసీ స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత) సెక్షన్ 105 ప్రకారం సోదా, స్వాధీనం వీడియో తీయాలి, జాబితా రాసి సాక్షుల సంతకాలు తీసుకోవాలి. సెక్షన్ 106 కింద స్వాధీనం చేసుకుంటే మేజిస్ట్రేటుకు తెలియజేయాలి. ముందు స్టేషన్‌లో రాతపూర్వకంగా అర్జీ ఇవ్వండి, బిల్లు నకలు, డ్రిప్ పని చేస్తున్నట్టు డీలరో రైతులో ఇచ్చిన ఉత్తరం జతచేయండి. అర్జీ అందినట్టు సంతకం తీసుకోండి. స్పందించకపోతే సోమవారం ఎస్పీ ఆఫీసులో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అదే అర్జీ ఇవ్వండి. స్వాధీనాన్ని కోర్టుకు తెలిపారని తేలితే సెక్షన్ 503 కింద మేజిస్ట్రేటు దగ్గర పిటిషన్ వేయించుకోవచ్చు. కేసు నడుస్తూ వస్తువు కోర్టు ముందుకొస్తే సెక్షన్ 497 కింద. ఎస్సైతో వాదనకు దిగకండి, మెత్తగా మాట్లాడి రాతలో గట్టిగా ఉండండి.

బైండోవర్ అన్న మాటకు భయపడి ఏ తెల్లకాగితం మీదా సంతకం పెట్టొద్దు. అది అదే సంహిత సెక్షన్ 126 లేదా 129 కింద తహసీల్దారు ముందు జరిగే వ్యవహారం. మీ మీద వచ్చిన సమాచారం ఏమిటో సెక్షన్ 130 కింద రాతపూర్వక ఉత్తర్వులో చెప్పాలి, సెక్షన్ 135 కింద విచారణ జరగాలి. పాత గొడవలు, పాత కేసులు లేని మెకానిక్‌ను ఒక్క కత్తి చూసి బైండోవర్ చేస్తే ఆ ఉత్తర్వు నిలవడం కష్టమని నా అభిప్రాయం.

ఒక్క సందర్భంలో మాత్రం నేను చెప్పిన కొలతలేవీ మిమ్మల్ని కాపాడవు. ఎన్నికలప్పుడో, గొడవల తర్వాతో నాగరిక్ సురక్షా సంహిత సెక్షన్ 163 (పాత 144) ఉత్తర్వు, పోలీసు చట్టం సెక్షన్ 30 అమల్లో ఉన్నాయని పేపర్లో చూస్తుంటాం. ఆ ఉత్తర్వులో మారణాయుధాలతో పాటు కర్రలూ రాళ్లూ కూడా రాస్తారు. ఉల్లంఘిస్తే భారతీయ న్యాయ సంహిత 223 కింద కేసు. ఆ రోజుల్లో బెల్టు కత్తి ఇంట్లో ఉంచి, పైపు కట్టర్‌తో సరిపెట్టుకోండి.

మిగతా రోజుల్లో కత్తి నడుముకు వద్దు. 16 ఎంఎం లాటరల్ ముక్కలు, జాయినర్లు, గ్రోమెట్లు, టెఫ్లాన్ టేపు ఉన్న పెట్టెలోనే ఒరతో సహా పెట్టండి. ఆ పెట్టె తెరిస్తే మీరేం పని చేస్తారో అడక్కుండానే తెలుస్తుంది. తోట నుంచి పెళ్లికో పంచాయితీకో వెళ్లాల్సి వస్తే పెట్టె ఇంట్లో దించి వెళ్లండి. కోర్టుకు, కలెక్టరేటుకు అసలే వద్దు. కడప నుంచి విమానమెక్కితే చేతి బ్యాగులో కత్తి ఒప్పుకోరు, చెక్-ఇన్ బ్యాగులో వేయండి. ఇకముందు కొనేవి కూడా ఇక్కడి అమ్మకందారు దగ్గర బిల్లుతోనే కొనండి. విదేశాల నుంచి తెప్పించుకుంటే, అది ఆయుధమని కస్టమ్స్ వాళ్లు తేల్చిన పక్షంలో ఆయుధాల చట్టం సెక్షన్ 10 కింద దిగుమతి లైసెన్సు అడుగుతారు.

అర్జీ ఇచ్చాక వచ్చే జవాబును, స్టేషన్ నుంచి ఏదైనా నోటీసు వస్తే దాన్ని కూడా ఫొటో తీసి పంపండి. వాటిని చూశాకే పిటిషన్ అవసరమో కాదో చెప్పగలను.