బాబు మెడ ఒక పక్కకే వాలుతోంది

ప్రశ్న: డాక్టర్ గారూ, మా బాబుకి 2వ నెల నడుస్తోంది. తల ఎప్పుడూ కుడి పక్కకే వాల్చేస్తాడు, గడ్డం మాత్రం ఎడమ వైపు తిరిగి ఉంటుంది, మెడకి కుడి పక్కన గోళీ అంత గడ్డ కూడా చేతికి తగులుతోంది. ఎదురుకాళ్లతో ఉన్నాడని ఆపరేషన్ చేసి తీశారు. మా అత్తగారేమో మెడ నిలబడితే అదే సర్దుకుంటుందిలే అంటున్నారు. ఆగొచ్చా?

జవాబు: అత్తగారి మాట సగం నిజమేనమ్మా, ఆ గడ్డ చాలామందిలో కొన్ని నెలల్లో దానంతటదే కరిగిపోతుంది, కాన్సరేమో అని నిద్ర మానుకోకండి. కానీ గడ్డ పోయినా బిగుసుకున్న కండ అలాగే ఉండిపోవచ్చు, అందుకే ఆగొద్దంటున్నా. చెవి వెనక నుంచి కాలర్ బోన్ దాకా దిగే కండ ఒకటుంది, కుడి పక్కది పొట్టిదైతే తల కుడికి వాలుతుంది, గడ్డం ఎడమకి తిరుగుతుంది, మీరు రాసింది అచ్చం అదే, దీన్నే టార్టికాలిస్ అంటాం. కడుపులో ఇరుకుగా ఉన్న పిల్లల్లో, ఎదురుకాళ్ల పిల్లల్లో ఎక్కువ చూస్తాం.

ముందు పిల్లల డాక్టర్‌కి చూపించండి, స్కాన్‌లో గడ్డ సంగతి తేలిపోతుంది. తుంటి కీళ్లు కూడా చూడమని అడగండి, మెడ బిగుతు, తుంటి కీలు లోపం కలిసి రావడం ఉంది. తర్వాత ఫిజియోథెరపిస్ట్ దగ్గర స్ట్రెచింగ్ నేర్చుకుని ఇంట్లో రోజూ మీరే చేయాలి, 3 నెలల లోపు మొదలుపెడితే దాదాపు అందరికీ ఆపరేషన్ లేకుండానే సరైపోతుంది. ఎవరైనా మెడ పట్టి ఒక్కసారి తిప్పేస్తే సరి అంటే మాత్రం బాబుని వాళ్ల చేతికివ్వకండి! మెలకువగా ఉన్నప్పుడు మీ కళ్ల ముందే బోర్లా పడుకోబెట్టండి, బొమ్మలు, మీ పిలుపులు అన్నీ కుడి వైపు నుంచే, వాడే అటు తిరగాలి. నిద్ర మాత్రం వెల్లకిలానే. ఏడాది దాటినా బిగుతు వదలకపోతేనే సర్జరీ ఆలోచన.

మెడ అన్ని వైపులా సులువుగా తిరుగుతూ తల మాత్రం వాలుతుంటే కంటి డాక్టర్‌కి చూపించాలి, ఒకటే వస్తువు రెండుగా కనపడకుండా ఉండటానికి పిల్లలు అలా తల వాలుస్తుంటారు. ఇక కాస్త పెద్ద పిల్లలకి ఉన్నట్టుండి మెడ వంకరైతే, దాంతోపాటు జ్వరం, మింగలేకపోవడం, పొద్దున్నే తలనొప్పి వాంతులు, నడక తూలడం ఏది ఉన్నా అదే రోజు హాస్పిటల్‌కి తీసుకెళ్లండి.