ఒక్క అంచు చాలు

చిరంజీవి అమ్మాయికి, ఆశీస్సులు.

నువ్వు వాట్సాప్‌లో పంపిన గోదావరి బొమ్మ చూశాను. హేవ్‌లాక్ వంతెన స్తంభాలు లెక్కపెట్టుకునేంత శుభ్రంగా వేశావు. కానీ నువ్వు అడిగింది అది కాదుగా. దూరం నుంచి చూస్తే ఏరు, దగ్గరికెళ్తే ఉత్త రంగు మరకలు అనిపించాలన్నావు.

అన్నీ చెరిపేస్తే అది వస్తుందని నేనూ ఒకప్పుడు అనుకున్నాను. తడి రంగు మీద గుడ్డ పెట్టి కాన్వాసంతా రుద్దేశాను. మీ అత్తయ్య కాఫీ గ్లాసుతో వచ్చి, "ఏమిటండీ, చెమ్మెక్కిన గోడా?" అంది. వారం రోజులు అలిగాను. తర్వాత కింద ఎడమ మూల రంగులు పూసే కత్తితో నల్లగా ఒక్క గీత లాగాను, పడవ ముక్కు అంత. అంతే, గోడ కాస్తా నీళ్లయింది.

ఇంగ్లీషు చిత్రకారుడు టర్నర్ 1844లో వేసిన రైలు బొమ్మ ఉంది, లండన్ నేషనల్ గ్యాలరీలో. ఫోన్‌లో పెద్దది చేసి చూడు. వానలో వంతెన కరిగిపోతుంటే, ఇంజన్ పొగగొట్టం మాత్రం నల్లగా, గట్టిగా నిలబడి ఉంటుంది. మన కన్ను దాన్ని పట్టుకునే మిగతాదంతా ఊహించుకుంటుంది.

మరీ ఎక్కువ కరిగించినా ఇబ్బందే అనుకో. 1896లో మాస్కోలో ఫ్రెంచి చిత్రకారుడు మోనే వేసిన గడ్డివాము బొమ్మ ముందు నిలబడి, తర్వాత తనూ పెద్ద చిత్రకారుడైన రష్యావాడు కాండిన్‌స్కీ అదేమిటో పోల్చుకోలేకపోయాడు, కేటలాగ్ చూశాకే తెలిసింది. (మన కోనసీమ రైతయితే గడ్డిమేటని ఠక్కున చెప్పేవాడేమో!) ముందు చిరాకుపడ్డాడు గానీ, ఆ బొమ్మ ఆయన బుర్రలోంచి పోలేదు.

ఈసారి మంచు పట్టిన పొద్దున ఘాట్ మెట్ల మీద కూర్చుని, కళ్లు చికిలించి చూడు. స్తంభాలు పోయి నాలుగైదు ముదురు పట్టీలు మిగులుతాయి. వాటినే వెయ్యి. ఆకాశానికి కలిపిన రంగే నీళ్లలోకీ దించు. రెండూ కలిసేచోట గీత పెట్టకు, తడిగా ఉండగానే పొడి బ్రష్‌తో అటూ ఇటూ లాగు. తర్వాత బొమ్మను తలకిందులు చేసి చూడు. ఏరు కనబడకపోయినా రంగులు కంటికి నచ్చుతున్నాయంటే సగం పని అయినట్టే. గట్టి అంచు ఎక్కడ పెట్టాలో అప్పుడు ఆలోచించు, అదీ ఒక్కటే.

స్తంభాలు మళ్లీ దిద్దాలని చెయ్యి దురద పెడుతుంది, నాకు తెలుసు. బ్రష్ కడిగేసి టీ తాగిరా. ఆరకముందే ఫోటో పంపు, ఫ్రేమ్ మాత్రం అప్పుడే కట్టించకు.

మీ మామయ్య