కొవ్వాడ అణు విద్యుత్ వార్తల్లో ఏది నమ్మాలి?

“విశాఖలో ఉంటాం. కొవ్వాడలో అణు విద్యుత్ కేంద్రం వస్తుందని ఏళ్ల తరబడి చదువుతున్నాం. ఒకరోజు ప్రగతి అంటారు, ఇంకో రోజు ముప్పు అంటారు. ఎవర్ని నమ్మాలి?” అని మీరు అడిగారు. విశాఖలో ఒక దినపత్రిక డెస్కులో కొన్నేళ్లు పనిచేశాను కాబట్టి అక్కడ చూసింది చెబుతాను.

శ్రీకాకుళం జిల్లా పేజీలు మా దగ్గరే తయారయ్యేవి. కొవ్వాడ ఉన్న రణస్థలం మండలం నుంచి కంట్రిబ్యూటర్ (స్థానిక విలేకరి) పంపే వార్తలో కొవ్వాడ మత్స్యకారుల మాటలు వివరంగా ఉండేవి. సముద్రానికి దూరంగా ఇళ్లు కట్టిస్తే తెప్పలు ఎక్కడ పెట్టుకోవాలి, వలలు ఎక్కడ ఆరేసుకోవాలి, వేట తప్ప వేరే పని రాని మా పిల్లలు ఏం చేయాలి అని. పేజీలో చోటు చాలక అవన్నీ కోసేసేవాళ్లం. ‘పరిహారం పెంచాలని డిమాండ్’ అన్న హెడ్డింగ్, దాని కింద నాలుగు లైన్లు మిగిలేవి. నేనూ కోశాను. వాళ్లు డబ్బు కోసమే గొడవ చేస్తున్నారని జనం అనుకున్నారంటే అందులో నా చేయి కూడా ఉంది. ఆ బాధ ఇప్పటికీ పోలేదు.

మెయిన్ పేజీలో మాత్రం ఢిల్లీ డేట్‌లైన్‌తో (వార్త మొదట్లో వేసే ఊరి పేరు) ఆరు రియాక్టర్లు, ఒక్కోటి 1,208 మెగావాట్లు అని పెద్దగా వచ్చేది. విశాఖ పాఠకుడికి ఆ పేజీ అందేది, శ్రీకాకుళం పేజీ అందేది కాదు.

ఇక ప్రభుత్వ మాట. ‘ఆమోదం’ అన్న పదం కనిపిస్తే అది ఏ ఆమోదమో చూడండి. సూత్రప్రాయ ఆమోదం అంటే దాదాపుగా స్థలం ఎంచుకోవడమే. రియాక్టర్ ధర, యూనిట్ రేటు తేలి, ఆర్థిక మంజూరు వచ్చాకే అసలు పని. కొవ్వాడకు మొదట జీఈ-హిటాచీ రియాక్టర్లు అన్నారు. తర్వాత గుజరాత్‌లోని మిఠీ విర్దీకి అనుకున్న, అమెరికా కంపెనీ వెస్టింగ్‌హౌస్ తయారుచేసే ఏపీ1000 రకం రియాక్టర్లు ఇటు మళ్లాయి. 2017 మార్చిలో ఆ కంపెనీయే దివాలా పిటిషన్ వేసింది. అయినా వార్తల్లో ‘త్వరలో’ అన్న మాట పోలేదు. అమెరికాలోని వోగ్ట్‌లే కేంద్రంలో ఇదే రకం రియాక్టర్లు రెండు, అనుకున్నదానికి ఏడేళ్లు ఆలస్యంగా, 3,000 కోట్ల డాలర్లకు పైగా ఖర్చుతో 2023, 2024లో మొదలయ్యాయి. కొవ్వాడ గురించి రాసేటప్పుడు ఆ లెక్క కూడా పక్కనే వేయాలి.

నేను అణు విద్యుత్‌కు వ్యతిరేకిని కాను. పొగ లేకుండా రాత్రీపగలూ కరెంటు ఇస్తుంది. 2025 బడ్జెట్‌లో కేంద్రం 2047 నాటికి 100 గిగావాట్ల లక్ష్యం పెట్టుకుంది. అప్పటికి ఉన్నది తొమ్మిది గిగావాట్ల లోపే.

నాకు అన్నిటికంటే ముఖ్యం అనిపించేది ప్రమాదం జరిగితే బాధ్యత ఎవరిది అన్న సంగతి. 2020 మే 7 తెల్లవారుజామున విశాఖ ఆర్ఆర్ వెంకటాపురంలోని ఎల్జీ పాలిమర్స్‌లో స్టైరీన్ విషవాయువు లీకైనప్పుడు మా బంధువులు రోడ్డున పడి పరుగెత్తారు. ఎటు పోవాలో చెప్పిన వాళ్లే లేరు. అందుకే అణు బాధ్యత చట్టం వార్తలు ఒక్కటీ వదలను. 2010 నాటి ఆ చట్టంలోని 17(బి) సెక్షన్ ప్రకారం, పరికరంలో లోపం వల్ల ప్రమాదం జరిగితే అణు విద్యుత్ కేంద్రాన్ని నడిపే సంస్థ తాను కట్టిన పరిహారాన్ని సరఫరాదారు నుంచి రాబట్టుకునే వీలుండేది. విదేశీ కంపెనీలు అడ్డం చెప్పింది దానికే. 2025 డిసెంబర్‌లో పార్లమెంటు ఆమోదించిన ‘శాంతి’ (SHANTI) అనే కొత్త అణు ఇంధన చట్టం ప్రైవేటు సంస్థలకు తలుపు తెరిచింది, ఆ 17(బి)ని తీసేసింది. చాలాచోట్ల మొదటి సగమే హెడ్డింగ్ అయింది.

కొవ్వాడ పేరు మళ్లీ వార్తల్లోకి వచ్చిన రోజు శ్రీకాకుళం జిల్లా ఈ-పేపర్ కూడా తెరవండి. రణస్థలం డేట్‌లైన్‌తో ఉన్నది, సింగిల్ కాలమ్ అయినా, ముందు అది చదవండి.