ఆర్‌వీ ప్రయాణం: మీ సందేహాలు, మా జవాబులు

ప్ర: మేం ఐదుగురం. జూన్‌లో మూడు వారాల సెలవు దొరికింది. ఎడిసన్‌లోనే 30 అడుగుల క్లాస్ సీ ఆర్‌వీ (ట్రక్కు ఛాసిస్ మీద పడకలు, వంటిల్లు కట్టిన బండి) అద్దెకు తీసుకుని యెల్లోస్టోన్, జయన్, గ్రాండ్ కేన్యన్, యోసెమిటీ నేషనల్ పార్కులు నాలుగూ చూసి రావాలని మా ఆలోచన. కుదురుతుందా?
— ఎడిసన్, న్యూజెర్సీ

జ: కుదురుతుంది గానీ పార్కులకంటే రోడ్డునే ఎక్కువ చూస్తారు. ఎడిసన్ నుంచి యెల్లోస్టోన్‌కు దాదాపు 2,100 మైళ్లు. ఇంత పెద్ద బండిని రోజుకు 350 మైళ్లకు మించి నడిపితే మూడో రోజుకే నడుములు పట్టేస్తాయి. ఆ లెక్కన పోవడానికి ఆరు రోజులు, రావడానికి ఆరు. ఉన్న 21లో 12 రోజులు ఐ-80 హైవే మీద మొక్కజొన్న చేలకే సరి.

మా సలహా: విమానంలో సాల్ట్ లేక్ సిటీ వెళ్లి బండి అక్కడ తీసుకోండి. అక్కడి నుంచి యెల్లోస్టోన్ పడమటి గేటు, జయన్ రెండూ సుమారు 310, 320 మైళ్ల దూరమే. యోసెమిటీని ఇంకో ఏడాదికి వదిలేసి మిగిలిన మూడూ చుట్టి వస్తే, లోపలి తిరుగుళ్లతో కలిపి 2,000 మైళ్లు. ఈ సైజు బండి గ్యాలన్‌కు 9 మైళ్లు ఇస్తుందనుకుంటే 220 గ్యాలన్ల పెట్రోలు. ఎడిసన్ నుంచే బయల్దేరితే 6,000 మైళ్లకు తగ్గదు, 660 గ్యాలన్లు పైమాటే. అద్దె కంపెనీ మైలుకింతని వసూలు చేస్తే అది వేరే.

ఇక అసలు సంగతి. బండి పొడవొక్కటే రాశారు. ఎత్తు, వెడల్పు కూడా కొలవాలి. క్లాస్ సీ బళ్లు సాధారణంగా 12 అడుగుల ఎత్తు, 8 అడుగుల పైన వెడల్పు ఉంటాయి. జయన్ తూర్పు వైపున్న మౌంట్ కార్మెల్ సొరంగం 1930లో అప్పటి కార్ల కోసం తవ్వింది. పైన కమాను వంపు ఉండటంతో ఎత్తైన బండి నడి రోడ్డు మీదుగా పోతే తప్ప పట్టదు. అందుకే ఇన్నాళ్లూ ఎదుటి ట్రాఫిక్‌ను ఆపి, రుసుము తీసుకుని పంపేవాళ్లు. 2026 జూన్ నుంచి 11 అడుగుల 4 అంగుళాల ఎత్తు గానీ 7 అడుగుల 10 అంగుళాల వెడల్పు గానీ దాటిన బళ్లకు ఆ దారి బంద్. కాబట్టి జయన్ నుంచి గ్రాండ్ కేన్యన్‌కు హరికేన్ ఊరి మీదుగా యూటా 59, అరిజోనా 389 హైవేలు పట్టుకుని ఫ్రెడోనియా, కనాబ్ చేరండి. తర్వాత యూఎస్ 89 మీద పేజ్, కామెరాన్ దాటి డెజర్ట్ వ్యూ గేటులోంచి గ్రాండ్ కేన్యన్ దక్షిణపు అంచైన సౌత్ రిమ్‌కు వెళ్లొచ్చు.

బసలు: జయన్‌లో వాచ్‌మన్ క్యాంప్‌గ్రౌండ్‌లో కరెంటున్న సైట్లున్నాయి. గ్రాండ్ కేన్యన్‌లో ట్రైలర్ విలేజ్, యెల్లోస్టోన్‌లో ఫిషింగ్ బ్రిడ్జ్ ఆర్‌వీ పార్క్‌లో కరెంటు, నీళ్లు, మురుగు కనెక్షన్ మూడూ ఉంటాయి. యెల్లోస్టోన్ లోపల ఆ సౌకర్యం ఫిషింగ్ బ్రిడ్జ్‌లో తప్ప మరెక్కడా లేదు. ఎలుగుబంట్లు తిరిగే చోటు కనుక అక్కడ గుడ్డ టెంట్లు వేయనివ్వరు. వాచ్‌మన్‌కు ఆరు నెలల ముందే బుకింగ్ తెరుస్తారు, జూన్ తేదీలు నిమిషాల్లో పోతాయి.

యోసెమిటీ తప్పదంటే రెండు మాటలు: పార్కు లోపల ఏ క్యాంప్‌గ్రౌండ్‌లోనూ హుకప్ (కరెంటు, నీళ్లు, మురుగు కనెక్షన్) లేదు. తూర్పు నుంచి వచ్చే టియోగా రోడ్డు మంచు వల్ల ఒక్కోసారి జూన్ దాకా తెరవరు. అప్పుడు చుట్టు తిరిగి పడమటి నుంచి 140 హైవే మీద రండి, నది వెంట సాగే దారి, ఆర్‌వీకి ఇబ్బంది తక్కువ.

ప్ర: క్యాంప్‌గ్రౌండ్‌లో 30 ఆంప్ ప్లగ్ పెట్టుకున్నాం. ఏసీ నడుస్తుండగా ఇండక్షన్ స్టవ్ వేస్తే చాలు, అంతా ఆగిపోతోంది. ప్లగ్ లోపమా?
— ప్లేనో, టెక్సస్

జ: లోపం కాదు, కూడిక. 30 ఆంపులను 120 వోల్టులతో హెచ్చిస్తే 3,600 వాట్లు, బండి మొత్తానికీ అంతే. పైకప్పు ఏసీ 13 నుంచి 15 ఆంపులు, ఫుల్ మీదున్న ఇండక్షన్ 15, ఫ్రిజ్ 3, బ్యాటరీ చార్జింగ్ ఇంకో 3–5. వాటర్ హీటర్ కూడా కరెంటు మీదుంటే మరో 12. హీటర్నీ ఫ్రిజ్‌నీ ప్రొపేన్‌కు మార్చండి. వంట బండిలోని గ్యాస్ స్టవ్ మీదే చేసుకోండి, లేదా పోపు వేసే పది నిమిషాలు ఏసీ ఆపండి. 50 ఆంప్ సాకెట్‌కు అడాప్టర్ తగిలించినా లాభం లేదు, మీ బండి మెయిన్ బ్రేకర్ 30 ఆంపులదే.

ప్లగ్ పెట్టేటప్పుడూ తీసేటప్పుడూ క్యాంప్‌గ్రౌండ్ కరెంటు స్తంభం మీది బ్రేకర్ ఆపి ఉండాలి. లేకపోతే నిప్పురవ్వలు లేచి పిన్నులు మాడతాయి, మాడిన పిన్ను మరింత వేడెక్కుతుంది. తీసినప్పుడు ప్లగ్ పిన్నులు నల్లబడి కనిపిస్తే ఇక దాన్ని వాడొద్దు.

హుకప్ లేని చోట జెనరేటర్ ఉంది కదా అనుకోకండి. యోసెమిటీలో పొద్దున 7–9, మధ్యాహ్నం 12–2, సాయంత్రం 5–7 మధ్యే వేయనిస్తారు. పైగా బండి పెట్రోలుతోనే నడిచే జెనరేటర్ ట్యాంకు పావుకు దిగగానే ఆగిపోతుంది. చెడిపోయిందని కంగారు పడొద్దు, మీరు అడవిలో ఇరుక్కోకుండా దాని పైపు అంత ఎత్తులో పెట్టారంతే.

ప్ర: బ్లాక్ ట్యాంక్ (టాయిలెట్ మురుగు ట్యాంకు) ఖాళీ చేసినా మీటరు మూడొంతులు నిండినట్టే చూపిస్తోంది. సింకు దగ్గర కూడా వాసన.
— ఫ్రీమాంట్, కాలిఫోర్నియా

జ: ఇవి రెండు వేర్వేరు జబ్బులు. మొదటిది: ట్యాంకు గోడకున్న సెన్సర్ మేకులకు టిష్యూ పేపరు అంటుకుంది. ఖాళీ చేశాక ట్యాంకును సగానికి పైగా మంచినీళ్లతో నింపి, పాతిక ముప్పై మైళ్లు నడిపి, మళ్లీ వదలండి. కుదుపుకు చాలావరకు ఊడుతుంది.

చాలామంది చేసే తప్పు, మురుగు కనెక్షన్ ఉంది కదా అని బ్లాక్ వాల్వ్ తెరిచే ఉంచడం. నీళ్లన్నీ జారిపోయి గట్టిది గుట్టగా పేరుకుంటుంది, ఆ తర్వాత దాన్ని కదిలించడం నరకం. వాల్వ్ మూసే ఉంచి, మూడింట రెండొంతులు నిండాకే వదలాలి. ముందు బ్లాక్, పారదర్శకంగా ఉన్న మోచేతి పైపులో ప్రవాహం ఆగాక అది మూసి, అప్పుడు గ్రే (సింకు, షవర్ నీళ్ల ట్యాంకు). సబ్బు నీళ్లు గొట్టాన్ని కడుగుతూ పోతాయి. చివర్లో టాయిలెట్‌లో రెండు మూడు గ్యాలన్ల నీళ్లు, ట్యాంకు మందు పోసి బయల్దేరండి. మనవాళ్లు టాయిలెట్‌లో చెంబు వాడతారు కనుక పేపరు తక్కువ పడుతుంది, ట్యాంకుకు అది మేలే. కాకపోతే ఐదుగురుంటే త్వరగా నిండుతుంది, రెండు రోజులకోసారి చూసుకోవాలి.

సింకు వాసన గ్రే ట్యాంకుది. కూర నూనె, గంజి, బియ్యం కడుగు అందులో చేరి పులుస్తాయి. గిన్నెలు కడిగే ముందు పేపర్ టవల్‌తో తుడిచి ఆ పేపరు చెత్తలో వేయండి, సింకులో సన్నని జల్లెడ పెట్టండి. వాసన అప్పటికీ పోకపోతే సింకు కింది వంపు పైపులో నీళ్లు ఎండిపోయి ఉంటాయి, ఒక గ్లాసు పోస్తే సరి.

ప్ర: వయోమింగ్‌లోని టీటన్ పాస్ కనుమ దిగుతుంటే బ్రేకులు మాడు వాసన వచ్చాయి. మళ్లీ అటే వెళ్లాలి.
— డెన్వర్

జ: అటు వెళ్లకండి. ఆ రోడ్డు కొన్నిచోట్ల 10 శాతం వాలు. ఐడహో ఫాల్స్ నుంచి జాక్సన్‌కు యూఎస్ 26 మీద స్వాన్ వ్యాలీ, ఆల్పైన్ మీదుగా నది పక్కన రావచ్చు, దూరం కొంచెం ఎక్కువైనా సుఖం. ఏ కొండైనా దిగడం మొదలుపెట్టకముందే టో-హాల్ బటన్ (బరువు బండికి తగ్గట్టు గేర్లు సర్దేది) నొక్కి చిన్న గేరులోకి దించండి. బ్రేకు మీద కాలు ఆనించి ఉంచకూడదు. గట్టిగా నొక్కి వేగం పదేసి మైళ్లు తగ్గించి వదిలేయాలి. వాసన వచ్చినా, పెడల్ మెత్తగా లోపలికి పోతున్నా బండి పక్కకు ఆపి అరగంట చల్లారనివ్వండి. నీళ్లు మాత్రం చల్లొద్దు, వేడి డిస్కులు వంకరపోతాయి.

ప్ర: 25 అడుగుల బండిలో గ్లేసియర్ పార్కు గోయింగ్-టు-ద-సన్ రోడ్డు దాటగలమా?
— సియాటిల్

జ: లేదు. ఆ రోడ్డు మీది అవలాంచ్, రైజింగ్ సన్ అనే చోట్ల మధ్య బంపర్లతో కలిపి 21 అడుగుల పొడవు, అద్దాలతో కలిపి 8 అడుగుల వెడల్పు దాటకూడదు. బండిని యూఎస్ 2 మీద చుట్టూ తిప్పి తూర్పు వైపు తీసుకెళ్లండి. దగ్గరదారని 49 హైవే ఎక్కొద్దు, బ్రౌనింగ్ మీదుగా యూఎస్ 89 పట్టుకోండి.

ప్ర: యెల్లోస్టోన్‌లో కందిపప్పు ఎంతకీ ఉడకలేదు. పప్పు పాతదా?
— ఫీనిక్స్

జ: పప్పుది తప్పేం లేదు. సరస్సు దగ్గర ఎత్తు 7,700 అడుగులు, అక్కడ నీళ్లు సుమారు 92 డిగ్రీల సెల్సియస్‌కే మరుగుతాయి. విడి గిన్నెలో ఎంత మరిగించినా అంతకు మించి వేడెక్కదు. కుక్కర్ తీసుకెళ్లండి, పప్పు అరగంట నానబెట్టి, ఇంట్లోకంటే రెండు విజిల్స్ ఎక్కువ రానివ్వండి.